ఏ చేని పంట

పాస్టరయ్య ఇంకా కయీను హేబేలుల దగ్గరే ఉన్నాడు. ఆ అన్నదమ్ముల అర్పణల్లో ఒకటి దేవుడికి ఎందుకు నచ్చిందో, రెండోది ఎందుకు నచ్చలేదో తేల్చి ఆదికాండంలోంచి బయటపడటానికి ఆయనకు ఎంత లేదన్నా ఓ గంట పడుతుందని తిమోతికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అప్పట్లో ఆ గంట ఆకలితో గడిచేది, ఈ రోజు భయంతో గడుస్తోంది. ఎదురుగా బల్ల మీద కోత పండుగకు తెచ్చిన ప్రథమ ఫలాలు ఉన్నాయి. రెండు గుమ్మడికాయలు, జొన్న కంకుల కట్ట, కాయలతో సహా కోసిన కందికంప, పళ్ళెంలో అలసందలు, కాళ్ళు కట్టేసిన పెట్ట ఒకటి, అది ప్రసంగం సాగినంతసేపూ మధ్యమధ్యలో తన అభిప్రాయం చెబుతూనే ఉంది. వాటన్నిటి మధ్యలో, కందికంపకు ఆనించి, బొంబాయి కంపెనీ వాళ్ళు పంపిన షీల్డు. నల్లచెక్క మీద పళ్ళెమంత బంగారు రంగు రికార్డు, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు, ఆ కింద ఆల్బం పేరు 'బిందెల లైను'. పొద్దున అతను లేచేలోపే అమ్మ దాన్ని గోడ మీంచి దించి, కొంగుతో తుడిచి, చంకన పెట్టుకుని మందిరానికి తెచ్చేసింది. "ఏందమ్మా ఇది, కంపెనీ వాళ్ళు చూస్తే నవ్వుతారు" అంటే, "నీ మొదటి పంట గదరా, దేవుని బల్ల మీద పెట్టకుండా మేకుకు తగిలిస్తారా ఎవరన్నా" అంది ఎలీషబా. ఆమెతో వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. ఆమె వాదించదు కూడా, ఒకసారి చెప్పి ఊరుకుంటుంది, అంతే, పని అయిపోయి ఉంటుంది.

అది బల్ల మీద పెట్టినందుకు కాదు భయం. ఈ మందిరంలో ఒక పద్ధతుంది, వేరే ఊళ్ళ చర్చిల్లో ఉందో లేదో అతనికి తెలియదు. అతను పుట్టకముందెప్పుడో ఒకాయన, ఎవరో అందరికీ తెలుసు గానీ ఎవరూ పేరు చెప్పరు, ఆయన మనవళ్ళు ఇప్పటికీ కిటికీ పక్క చాప మీదే కూర్చుంటారు, ఊళ్ళో లక్ష్మీనరసయ్య కంచె మీద కాసిన గుమ్మడికాయ తెంపుకొచ్చి తన ప్రథమ ఫలమని పెట్టాడట. దారినపోతూ తలుపులోంచి కాయను చూసి గుర్తుపట్టిన లక్ష్మీనరసయ్య చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, ప్రార్థన అయ్యేదాకా మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడి, "కాయ మీ దేవుడే తీసుకోనీ అయ్యా, నాకేం బాధ లేదు. నా చేనిదని మాత్రం ఒక మాట చెప్పండి" అన్నాడట. ఆ సిగ్గుతో పెద్దలంతా కూర్చుని ఒక కట్టడి చేసుకున్నారు. బల్ల మీద ఏది పెట్టినా, దాని మీద ప్రార్థన చేసేముందు పాస్టరయ్య ఇది ఏ చేని పంట అని అడుగుతాడు. పెట్టినవాళ్ళు లేచి పడమటి చేనిదనో, కౌలు చేనిదనో, పెరట్లో కాసిందనో అందరి ముందూ చెప్పాలి. చెప్పినాక అందరూ స్తోత్రం అంటారు. అబద్ధం చెప్పినవాళ్ళు లేరని కాదు, చెప్పి ఆ ఏడు సుఖంగా నిద్రపోయినవాళ్ళు లేరని అంటారు. ఇంకాసేపట్లో పాస్టరయ్య గుమ్మడికాయలూ కందులూ దాటుకుంటూ షీల్డు దగ్గరికొస్తాడు. ఇది ఏ చేనిది తిమోతీ అంటాడు. ఏమని చెప్పాలి?

అమ్మను అడిగితే తడుముకోదు. సండే స్కూలుది అంటుంది. రెండు పేజీల కీర్తన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్న పిల్లోడు గదా, వాక్యాలు కంఠతా పట్టీ పట్టీ ఆ నోరు అట్ల తిరిగింది, అంతా ప్రభువు దయ, అని ఇంటికొచ్చిన యూట్యూబ్ పిల్లలకు చెప్పింది, మార్కాపురం బస్సులో పక్క సీటు ఆమెకు చెప్పింది, సూది వేయడానికొచ్చిన నర్సమ్మకు చెప్పింది. ఆమె అలా చెబుతుంటే అతను పక్కన కూర్చుని నవ్వేవాడు. నవ్వడం తప్ప ఏం చేస్తాడు, ఆ స్టీలు గ్లాసు నిజమే, కీర్తనా నిజమే. కానీ ఆల్బంలో ఉన్నది కీర్తన నడక కాదు. అది ఎవరి నడకో అతనికి తెలుసు, ఇప్పుడు ఆ మనిషి ఎక్కడ కూర్చుందో కూడా తెలుసు, తల తిప్పక్కర్లేదు. మందిరం గుమ్మం మీద, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టి, ఒక కన్ను పాస్టరయ్య మీదా ఒక కన్ను వేపచెట్టు కింద తన మేకల మీదా వేసి కూర్చుంది ఎల్లమ్మ పెద్దమ్మ. నాయన దేవదానానికి అన్న నరసింహులు, ఆయన భార్య. తమ్ముడి సంసారం మందిరంలో చేరింది, అన్న సంసారం చేరలేదు, ఒక్క గోడకు అటూ ఇటూ కాపురాలు. కోత పండుగ నాటి భోజనానికి మాత్రం ఆమె తప్పకుండా వస్తుంది, గుమ్మం దాటి లోపలికి రాదు, వచ్చి గుమ్మం మీద కూర్చోకుండానూ ఉండదు.

స్తోత్రం చెప్పాల్సినవాళ్ళు ఎంతమంది లేరు, వాళ్ళ పేర్లు చెప్పి గట్టెక్కితే ఏం, అనుకుంటాడు తిమోతి. గోపి ఉన్నాడు. గిద్దలూరు స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, మధ్యాహ్నం పూట షట్టరు సగం దించి, బీరువా తలుపులకు బొంతలు కట్టి, ఆ సందులో తనను నిలబెట్టి పాడించేవాడు. ఎండాకాలంలో ఆ బొంతల మధ్య ఉడికిపోయి బయటికొస్తే సోడా కొట్టించి ఇచ్చేవాడు. సరిగ్గా పాట మంచి పట్టులో ఉన్నప్పుడు నంద్యాల వైపు నుంచి గూడ్సు వచ్చేది, దుకాణంలోని ఫోన్లన్నీ గాజు అలమరలో గలగలమనేవి, గోపి నెత్తిన చేతులు పెట్టుకుని బండి పోయేదాకా కూర్చుని, "ఇంగొకసారి పాడన్నా" అనేవాడు, ఒక్కనాడైనా విసుక్కుని ఎరగడు. అలా గూడ్సు చప్పుడుతో సహా రికార్డైన ఒక పాటను బొంబాయిలో కంపెనీ మేడమ్ విని, ఆ రైలును తీసేయకండి అందట. ఆమెకూ స్తోత్రమే. తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా పెద్ద పెద్ద అద్దాల గదిలో తనని కూర్చోబెట్టి, నువ్వు ఎట్లా మాట్లాడతావో అట్లాగే పాడు, హైదరాబాదు మాటలు మాకొద్దు అంది. ఆల్బం వచ్చిన వారానికి ఏ ఆటో ఎక్కినా అదే, మార్కాపురం బస్టాండులో జ్యూసు కొట్టువాడు అదే పెట్టి మిక్సీ తిప్పుతున్నాడు, తనని చూసి గుర్తుపట్టలేదు, పైసలు తీసుకుని చిల్లర ఇచ్చాడు, ఆ చిల్లర చేతిలో పట్టుకుని తను నవ్వు ఆపుకోలేక రోడ్డు దాటాడు. నాయన. పలకల ఫ్యాక్టరీలో రాతి దుమ్ము పీల్చి పీల్చి పోయినేడాది దాకా దగ్గిన మనిషి, ఇప్పుడు పని మానిపించి ఇంట్లో కూర్చోబెడితే ఏం తోచక ఊరి పిల్లలకు ఫోనులో కొడుకు పాట పెట్టి చూపిస్తాడు, ఆ వడిలో పాట అర్థం కాలేదని మాత్రం ఒప్పుకోడు. ఇంతమందికి రుణపడి ఉండటం ఎంత హాయిగా ఉంటుందో తిమోతికి ఈ ఏడాదే తెలిసింది. కృతజ్ఞత అంటే తల వంచుకోవడమనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాదు, కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ ఎన్ని పేర్లు తలుచుకున్నా మనసు తిరిగి తిరిగి గుమ్మం దగ్గరికే పోతోంది. వీళ్ళంతా పంటను కోసినవాళ్ళు, మోసినవాళ్ళు, అమ్మిపెట్టినవాళ్ళు. పాస్టరయ్య అడిగేది చేను.

నీళ్ళ ట్యాంకరు ఏ రోజు వస్తుందో అతని చిన్నప్పుడు ట్యాంకరుకే తెలియదు. బోర్లు ఎండిపోయి, ఉన్న ఒక్క బోరులో వచ్చే నీళ్ళు పళ్ళు పచ్చబరిచేవై, పెద్దారవీడు నుంచి తోలే ట్యాంకరు కోసం పల్లె పల్లెంతా కళ్ళు కాయలు కాచేలా చూసేది. బిందెలు ముందు రోజు నుంచే లైనులో ఉండేవి, నీలంవి, ఎర్రవి, మూతి పగిలి తాడు కట్టినవి. అమ్మ తన బిందెలతో, తను అమ్మ కొంగు పట్టుకుని. వెనక ఎల్లమ్మ పెద్దమ్మ. ఎప్పుడూ వెనకే, ఎందుకో ఆ ఇద్దరి బిందెలూ ఒకదాని పక్కనే ఒకటి పడేవి, ఒక గోడ ఇళ్ళు కాబట్టి లేచే వేళా ఒకటే. ట్యాంకరు మలుపు తిరిగి దుమ్ము కనపడగానే ఎల్లమ్మ పెద్దమ్మ మొదలుపెట్టేది. మొదట గొంతు చాలా కిందనుంచి, తనలో తను అనుకుంటున్నట్టు. "నిన్న ముందర నువ్వే, మొన్న ముందర నువ్వే, నేడు గూడా నువ్వేనా ఓ ఎలీషబా, నీళ్ళ బండిని నీ పుట్టింటోళ్ళు నీ పేర తోలించిరా ఓ ఎలీషబా." మాట ఎక్కడికి పోయినా చివర అమ్మ పేరు దగ్గరికొచ్చి కూర్చునేది. మూడు పొట్టి మాటలు, ఒక పొడుగు మాట, మళ్ళీ మూడు పొట్టివి. గొంతు పెరిగేది గానీ వడి పెరిగేది కాదు, వడి పెరిగినప్పుడు గొంతు తగ్గేది. మనిషి అసలు ఊపిరి తీసుకునేది కాదు, ఎలా తిడుతుందా అని అతను కళ్ళార్పకుండా చూసేవాడు, చాలా రోజులకు దొరికింది రహస్యం, బిందె ఎత్తడానికి వంగినప్పుడు తీసుకునేది, ఎవరికీ తెలియకుండా. ఊళ్ళో నీళ్ళ కాడ తిట్టని ఆడది లేదు, ఎవరి నోరు వాళ్ళకుంది, కానీ ఎల్లమ్మ పెద్దమ్మ తిడుతుంటే మిగతావాళ్ళు తమ తిట్లు ఆపుకుని వినేవాళ్ళు. ట్యాంకరు డ్రైవరు పైపు చేతిలో పట్టుకుని బిందె నిండి పొర్లిపోతున్నా చూసేవాడు కాదు, ఆ పొర్లిన నీళ్ళకు మళ్ళీ ఇంకో విడత తిట్లు. అమ్మ మాత్రం పలికేది కాదు. నిలబడేది. ముసుగు సర్దుకునేది, నిండిన బిందె నెత్తికెత్తుకునేది, పోయేది. ప్రార్థన చేసుకునే మనిషి, ఓర్చుకుంటుంది, అనేవాళ్ళంతా. అమ్మ వీపు వెనక నిలబడ్డ ఆ పిల్లవాడు మాత్రం, అమ్మను అన్ని మాటలంటుంటే ఏడవాల్సింది పోయి, ఈ రోజు ట్యాంకరు తొందరగా పోకూడదని కోరుకునేవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఏదోలా ఉంటుంది. ఇంటికెళ్ళి, అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే, తను పెరట్లో కోళ్ళకు ఆ తిట్లే వినిపించేవాడు, ఎలీషబా బదులు కోడిపుంజు పేరు పెట్టి.

బొంబాయిలో రికార్డింగు రోజున, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పెద్దాయన పాట మధ్యలో ఆపి, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావు, నాకు దొరకడం లేదు అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా పెద్ద పెద్దవాళ్ళ పాటలు పట్టిన మనిషి. తిమోతి నవ్వి వంగి చూపించాడు, బిందె ఎత్తినట్టు. ఆయనకు ఏం అర్థమైందో గానీ మైకు కొంచెం కిందికి దించాడు. ఆ పాటే ఆటోల్లో మోగుతున్నది. పేర్లు మార్చాడు, ఎలీషబా అన్నచోట 'ఓ నీలమ్మ' అని పెట్టాడు, తిట్లలో మరీ ఘాటైనవి మింగేశాడు, మిగతాదంతా ఆమెదే, ఆ మూడు పొట్టి ఒక పొడుగు, ఆ కిందనుంచి ఎత్తుకోవడం, అన్నీ. పెద్దమ్మ విన్నదో లేదో తెలియదు. ఆమెకున్నది మీటల ఫోను. విని ఉంటే ఊరుకునే మనిషా? ఊరికి వచ్చినప్పటినుంచీ ఆమె ఎదురుపడితే, "చిక్కిపోయినావేందిరా, ఆ ఊర్లో కూడు దొరకదా" అంటోంది తప్ప ఇంకేమీ అనలేదు. ఇప్పుడు చేను పేరు చెబితే అమ్మ ఏమైపోతుంది? ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది ఆమె పడ్డ మాటలకా? ఇన్నేళ్ళు తల వంచుకుని ఓర్చుకున్నదాన్ని కన్నకొడుకు మైకు పెట్టి నిండు సభలో మళ్ళీ వినిపించాడని అనుకోదా? చెప్పకపోతే మటుకు, పక్కవాడి కంచె మీద గుమ్మడికాయ తెంపుకొచ్చినవాడికీ తనకూ తేడా ఏముంది? అంత మేలు చేసిన మనిషి గుమ్మం మీద కూర్చుని ఉంటే తను సండే స్కూలు పేరు చెప్పి అన్నానికి లేస్తాడా? బల్ల మీద పెట్ట రెక్కలు కొట్టుకుంది. ఎవరో పిల్లాడు షీల్డులో తన ముఖం చూసుకోవడానికి అటు జరుగుతుంటే వాళ్ళమ్మ చెవి పట్టుకుని వెనక్కి లాగింది. కయీను ఎప్పుడు హేబేలును చంపాడో తిమోతి వినలేదు. పాస్టరయ్య బైబిలు మూసి, గుమ్మడికాయ మీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఏ చేని పంట?" "కాలువ పక్క చేనిదయ్యా." స్తోత్రం. "ఈ కందులు?" "కౌలు చేనివి." స్తోత్రం. అలసందలు పెరట్లోవి. పెట్ట ఏ చేనిదో చెప్పాల్సొచ్చి దాన్ని తెచ్చిన రెబెకా అక్క తికమకపడి, "మా ఇంటిదే అయ్యగారూ, తిరిగేది మాత్రం అందరి చేలల్లోనూ" అంటే మందిరమంతా నవ్వింది. పాస్టరయ్య కూడా నవ్వాడు, ఆ నవ్వు ముఖంతోనే షీల్డు మీద చెయ్యి వేసి, అది చల్లగా తగిలిందేమో కాస్త ఆశ్చర్యపడి, "తిమోతీ, ఇది ఏ చేనిది నాయనా?" అన్నాడు. మైకు చేతికి ఇచ్చారు. వేపచెట్టుకు కట్టిన లౌడ్‌స్పీకరులోంచి తన గొంతు సవరించుకోవడం తనకే వినిపించింది. అమ్మ వైపు చూశాడు. ఆమె ముసుగు సర్దుకుంటోంది. ఆ సర్దుకోవడం చూడగానే, ఇంకో క్షణం ఆగితే అబద్ధమే వస్తుందని తెలిసి, గబగబా అనేశాడు.

"మా పెద్దమ్మ చేనిది అయ్యగారూ. ఎల్లమ్మ పెద్దమ్మది. ట్యాంకరు కాడ ఆమె మా అమ్మను తిట్టిన తిట్లే నేను పాట కట్టుకున్నా. సండే స్కూలుది కాదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి, తరవాత ఎలీషబా వైపు తిరిగాయి. ఎల్లమ్మ బయట ఉన్న కాలు కూడా లోపలికి తీసుకుంది. ఎలీషబా మెల్లగా లేచి నిలబడింది, ఎవరి వైపూ కాకుండా కొడుకు వైపు చూసి మాట్లాడింది.

"నాకు తెలవదనుకున్నావా నాయనా. తిట్లు తిన్నదాన్ని నేను. నువ్వు ఫోనులో పెట్టి ఇనిపించిన రోజే గుర్తుపట్టినా. మీ పెద్దమ్మ పేరు చెబితే బయటోళ్ళంతా ఆమెను తిట్లమనిషి అంటారేమో, నొచ్చుకుంటదేమో అని సండే స్కూలు మీద పెట్టినా."

"నేనెందుకు నొచ్చుకుంటానే" అంది ఎల్లమ్మ గుమ్మం మీంచి. "మా మనవడు ఇనిపించె నాకు. బాగనే పాడినాడు గానీ మంచి మంచి మాటలు మింగేసినాడు. నాకుండే బాధ వేరే. అన్నేండ్లు తిట్టినా గదా, ఒక్కనాడన్నా మారు పలికినావా నువ్వు? ఒక్క మాట అనుంటే ఆడనే ఆపేసేదాన్ని. గోడను తిట్టినట్టు ఉండె నాకు."

"అందుకే పలకలేదక్కా" అంది ఎలీషబా. "నువ్వు తిడతాంటే వీడు నా ఎనక నిలబడి ఖాళీ బిందె మీద ఏళ్ళతో దరువేస్తా ఉండె. ఆ ఎండకు అందరి పిల్లోళ్ళూ ఏడుస్తాంటే వీడొక్కడు నవ్వుతా ఉండె. నాకు ఇంట్లో పెట్టేదానికి ఏముంది అప్పుడు, ఆడించేదానికి ఏముంది? నేను నోరు తెరిస్తే నువ్వు ఆపేస్తావు. వీని దరువు ఆగిపోతది. అందుకని మాటలు పడినా."

"అయితే ముందే చెప్పుంటే ఏం పోయె" అంది ఎల్లమ్మ, "ఇంగ నాలుగు కలిపి తిట్టేదాన్ని గదే." ఎవరో కిసుక్కున నవ్వారు, అంతలోనే చాపల మీద ముసలివాళ్ళు పిల్లలూ అందరూ నవ్వడం మొదలుపెట్టారు. వేలమంది ముందు గుక్క తిప్పుకోకుండా పాడే తిమోతికి ఏడుపొచ్చింది, మైకు నోటి దగ్గరే ఉందని మరిచిపోయాడు, వేపచెట్టు మీది స్పీకరు ఆ ఏడుపును ఊరు ఊరంతటికీ వినిపించింది. మేకలు బెదిరి అరిచాయి. ఎలీషబా వచ్చి కొడుకు చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమె ఎన్నడూ మైకు పట్టి ఎరగదు, దాన్ని గరిటెలా నిలువుగా పట్టుకుని పాస్టరయ్య వైపు తిరిగింది.

"చేను మా అక్కదే అయ్యగారూ" అంది. "నీళ్ళు కట్టింది నేను."

ఈసారి అందరూ స్తోత్రం అన్నారు. గుమ్మం దగ్గర ఎల్లమ్మ కూడా అంది, అలవాటు లేని మాట కాబట్టి అందరికంటే కాస్త ఆలస్యంగా.